రేస్ ఇస్తే సర్దుకుంటుంది, కాలు తీస్తే వణుకుతుంది: డీజిల్ పికప్‌లో ఐడ్లింగ్ సమస్య

“రేస్ ఇస్తే బాగానే ఉంటోంది. కాలు తీస్తే మాత్రం స్లో నిలబడటం లేదు, బండంతా వణుకుతోంది.” పికప్ నడిపేవాళ్లు షెడ్డుకు వచ్చి చెప్పే మాట చాలాసార్లు ఇదే. బండి బొలేరో పికప్ కావచ్చు, దోస్త్ కావచ్చు, యోధా కావచ్చు. దానికి ఎక్కువగా వినిపించే జవాబు కూడా ఒకటే: “ఇంజెక్టర్లు పోయాయి, మార్చాలి.” ఆ జవాబు కొన్నిసార్లు నిజమే అవుతుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఏ కొలతా తీయకముందే ఆ మాట వచ్చేస్తుంది. ఇంజెక్టర్ అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం. కామన్ రైల్ బండ్లలో, అంటే గట్టి ఒత్తిడితో ఉన్న డీజిల్‌ను ఒకే గొట్టం (రైల్) అన్ని ఇంజెక్టర్లకూ పంచే బండ్లలో, అది ఒక్కోటి వేల రూపాయలు. నాలుగూ మార్చాక కూడా వణుకు అలాగే ఉంటే, కిస్తీలు కట్టుకుంటూ బాడుగకు తిప్పే మనిషికి ఆ దెబ్బ చిన్నది కాదు. మదనపల్లె మార్కెట్‌కు టమోటా తోలే బండి సీజన్‌లో రెండు రోజులు షెడ్డులో నిలబడితే పోయేది మెకానిక్ కూలి ఒక్కటే కాదు.

అందుకే ఈ వ్యాసమంతా ఒకే విషయం చుట్టూ తిరుగుతుంది. ఐడ్లింగ్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, వచ్చే వణుకు దానంతట అదే చాలా సమాచారం ఇస్తుంది. దాన్ని విని, కొలిచి, ఆ తర్వాతే పానా పట్టుకోవాలి.

వణుకు ఐడ్లింగ్‌లోనే ఎందుకు?

డ్రైవర్ చెప్పిన మాటలోనే సగం విషయం ఉంది. రేస్ ఇస్తే ఎందుకు సర్దుకుంటుందో అర్థమైతే మిగతాది సులువు.

నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు నిమిషానికి 750 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. ప్రతి సిలిండర్‌లో రెండు చుట్లకు ఒకసారి డీజిల్ మండుతుంది. నాలుగూ కలిపితే సెకనుకు 25 సార్లు. ఒక మంటకూ తర్వాతి మంటకూ మధ్య 40 మిల్లీసెకన్ల ఎడం. గంట లెక్కన చూస్తే 90 వేల సార్లు డీజిల్ చిమ్మాలి. 2.5 లీటర్ల ఇంజిన్ లోడ్ లేకుండా, ఏసీ వేయకుండా గంటసేపు తిరిగితే తాగే డీజిల్ ముప్పావు లీటరుకు కాస్త అటూ ఇటూ. దాన్ని 90 వేలతో భాగిస్తే ఒక్కోసారి సిలిండర్‌లోకి వెళ్లేది ఆరేడు మిల్లీగ్రాములు. అది ఒక డీజిల్ చుక్క కంటే కూడా తక్కువే.

ఇప్పుడు ఒక ఇంజెక్టర్ రెండు మిల్లీగ్రాములు తక్కువ చిమ్మిందనుకోండి. ఐడ్లింగ్‌లో ఆ సిలిండర్ బలం దాదాపు మూడో వంతు పడిపోతుంది. అదే బండి లోడుతో ఘాట్ ఎక్కుతూ ఒక్కో స్ట్రోకుకు 40 మిల్లీగ్రాములు తీసుకుంటున్నప్పుడు ఆ రెండు మిల్లీగ్రాముల లోటు 5 శాతమే. డ్రైవర్‌కు తెలియను కూడా తెలియదు. పైగా వేగం పెరిగినకొద్దీ ఫ్లైవీల్‌లో (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రంలో) ఊపు పెరుగుతుంది, మంటల మధ్య ఎడం తగ్గుతుంది. ఒక సిలిండర్ తడబడినా మిగతావి లాక్కుపోతాయి. అంటే రేస్ ఇచ్చినప్పుడు జబ్బు తగ్గిపోలేదు, కనబడకుండా పోయింది అంతే. ఇంజిన్‌లో ఉన్న చిన్న లోపాన్ని కూడా పెద్దదిగా చేసి చూపించేది ఐడ్లింగే.

ఒక సిలిండర్ పూర్తిగా మిస్ అవుతుంటే వణుకుకు ఒక లయ వస్తుంది. 750 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకు ఆరుసార్లకు పైగా మండాలి. అదే సిలిండర్ ప్రతిసారీ చేతులెత్తేస్తే సెకనుకు ఆరు కుదుపులు వస్తాయి. సెకనుకు 25 సార్లు వచ్చే మామూలు అదురును మౌంటింగ్ రబ్బర్లు మింగేస్తాయి. ఆరుసార్లు వచ్చే నిదానమైన కుదుపును మింగలేవు. గేర్ రాడ్ ఊగడం, అద్దం అదరడం, సీటు కింద తన్నినట్టు ఉండటం అందువల్లే.

బండి రకాన్ని బట్టి అంచనా మారుతుందని ఇక్కడే చెప్పుకోవాలి. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో ఉన్నది రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజిన్. దోస్త్‌లో మూడు సిలిండర్లు. సిలిండర్లు తగ్గినకొద్దీ మంటల మధ్య ఎడం పెరుగుతుంది, వణుకు పుట్టుకతోనే వస్తుంది. నాలుగు సిలిండర్ల బండి నడిపిన చేత్తో రెండు సిలిండర్ల బండి పట్టుకుని “ఇది మిస్ కొడుతోంది” అంటే పొరపాటే. పోల్చాల్సింది అదే మోడల్‌లో బాగున్న ఇంకో బండితో, లేదా ఆరు నెలల కిందటి ఇదే బండితో.

వణుకుల్లో రకాలు

షెడ్డులో అన్నిటినీ కలిపి “మిస్సింగ్” అనేస్తారు. నిజానికి ఇవి వేర్వేరు జబ్బులు. బానెట్ ఎత్తక ముందే ఐదు నిమిషాలు నిలబడి వింటే సగం దారి తెలిసిపోతుంది.

గడియారం కొట్టినట్టు ఒకే ఎడంతో కుదుపు వస్తోందంటే ఒక సిలిండర్‌లోనే తేడా ఉన్నట్టు. ఇంజెక్టర్, దాని వైరు, ఆ సిలిండర్ కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి), ఈ మూడింటిలో ఒకటి. అలా కాకుండా ఇంజిన్ వేగమే 700కు దిగి, 900కు ఎగసి, మళ్లీ దిగుతూ ఊయల ఊగుతోందంటే సిలిండర్లు అన్నీ బాగానే ఉండి ఉండొచ్చు. అప్పుడు డీజిల్ సరఫరా మీద అనుమానం పెట్టుకోవాలి. లైన్‌లో గాలి, మూసుకుపోయిన ఫిల్టర్, హైప్రెషర్ పంపు మీద డీజిల్‌ను అదుపు చేసే వాల్వు పట్టేయడం లాంటివి. లయ లేకుండా ఎప్పుడో ఒకసారి గతుక్కుమని, మళ్లీ మామూలైపోతుంటే కనెక్టర్లు, ఎర్త్ వైరు, సెన్సర్లు, నీళ్లు కలిసిన డీజిల్ చూడాలి. ఇంజిన్ శబ్దం నున్నగా, సమంగా ఉంది, క్యాబిన్ మాత్రం దడదడలాడుతోంది అంటే ఇంజిన్‌ను వదిలేసి మౌంటింగులు చూడాలి. రబ్బరు పగిలి ఇంజిన్ బ్రాకెట్ చాసిస్‌కు తగులుతుంటే, కొత్త ఇంజెక్టర్లు వేసినా ఆ దడ పోదు.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా అన్నది కూడా అడగాలి. పొద్దున స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలే వణికి, తెల్లటి పొగ వదిలి, తర్వాత మామూలైపోతే గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ అంటుకోవడానికి సిలిండర్‌ను వేడిచేసేవి), కంప్రెషన్ చూడాలి. పాడేరు, లంబసింగి వైపు చలికాలంలో తెల్లవారుజామున కూరగాయలకు వెళ్లే బండ్లలో ఇది తొందరగా బయటపడుతుంది. అదే బండి రాజమండ్రిలో ఏడాదంతా ఏ ఫిర్యాదూ లేకుండా తిరుగుతుంది. దీనికి ఎదురుగా, చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక వణికితే, ట్యాపెట్లు (వాల్వులను కదిలించే భాగాలు) చేత్తో సెట్ చేసే ఇంజిన్లలో వాల్వు గ్యాప్ బిగుసుకుపోయిందేమో చూడాలి. వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది. ఇంజెక్టర్ లోపలి లీకేజీ కూడా డీజిల్ వేడెక్కి పలచబడ్డాక పెరుగుతుంది.

పొగ రంగు కూడా చెబుతుంది. కళ్లు మండే డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తే డీజిల్ మండకుండా బయటికి పోతోంది. నల్లపొగ అయితే డీజిల్ ఎక్కువ, లేదా గాలి తక్కువ. నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. తెల్లపొగ తియ్యటి వాసనతో వచ్చి, రేడియేటర్ నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌కూ దాని పైమూత అయిన హెడ్‌కూ మధ్య ఉండే పొర) వైపు చూడాలి. ఆ బండిని ఇక నడపకూడదు.

కారని లీకేజీ

డీజిల్ బండ్లలో ఐడ్లింగ్ చెడగొట్టే చవకైన కారణాల్లో మొదటిది గాలి. నిర్లక్ష్యానికి గురయ్యేది కూడా ఇదే. దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమో తెలిస్తే డబ్బు మిగులుతుంది.

చాలా పికప్‌లలో ట్యాంకు నుంచి డీజిల్‌ను ఇంజిన్ దగ్గరున్న పంపు పీల్చుకుంటుంది. పీల్చుకునే గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ ఉంటుంది. ఆ గొట్టానికి సన్నటి పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద నేల పొడిగా ఉంటుంది, గొట్టం పొడిగా ఉంటుంది, చూసినవాళ్లు “లీకేజీ ఏమీ లేదు” అంటారు. లోపల మాత్రం బుడగలు పంపులోకి చేరుతుంటాయి. ద్రవంలా కాకుండా గాలి నొక్కితే నొక్కుకుపోతుంది, కాబట్టి రైల్‌లో ప్రెషర్ నిలకడగా ఉండదు. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ దాన్ని సరిచేయబోతే వేగం ఎగుడుదిగుడు అవుతుంది.

ఫిల్టర్ మార్చిన మర్నాడే ఐడ్లింగ్ చెడిందంటే మరో ఆలోచన అక్కర్లేదు. ఫిల్టర్ రింగు సరిగా కూర్చోలేదు, లేదా పాత రింగు అంటుకుని ఉండగానే కొత్తది బిగించారు, లేదా యూనియన్ బోల్టు దగ్గర రాగి వాషర్ పాతదే వేశారు. ఎండకు గట్టిపడ్డ రబ్బరు గొట్టాలు, తుప్పుపట్టిన క్లిప్పులు దీని తర్వాత వచ్చే అనుమానాలు.

పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య పారదర్శకంగా ఉండే డీజిల్ పైపు ముక్క ఒకటి తాత్కాలికంగా బిగించి ఇంజిన్ స్టార్ట్ చేస్తే బుడగలు కంటికి కనబడతాయి. మొదట్లో కొన్ని వచ్చి ఆగిపోతే అది పైపు బిగించినప్పుడు చేరిన గాలి. ఆగకుండా వస్తూ ఉంటే ట్యాంకు వైపు ఎక్కడో దారి ఉంది. ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెనక్కి వెళ్లాలి. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున ఫిల్టర్ మీద ఉన్న హ్యాండ్ పంపు పదిసార్లు కొడితేనే గట్టిపడుతోందంటే, డీజిల్ రాత్రికి రాత్రి ట్యాంకులోకి జారిపోతున్నట్టే. గాలి చేరే దారి ఉంటేనే అలా జారుతుంది.

నీళ్ల సంగతి కూడా ఇక్కడిదే. ఫిల్టర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ విప్పి గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే నీళ్లు కిందకు దిగి విడిగా కనబడతాయి. డ్రమ్ముల్లో, క్యాన్లలో నిల్వ చేసిన డీజిల్ పోయించుకునే పల్లెల్లో వానాకాలంలో ఇది తప్పకుండా చేయాలి. కామన్ రైల్ పంపుకూ ఇంజెక్టర్లకూ డీజిలే ఆయిల్ పని కూడా చేస్తుంది. నీళ్లకు ఆ జిడ్డుతనం లేదు. ఇవాళ వణుకుతో మొదలైంది రేపు పంపు లోపల లోహం అరిగి, ఆ పొడి రైల్‌లోకీ ఇంజెక్టర్లలోకీ చేరేదాకా పోతుంది. అప్పుడు నిజంగానే మొత్తం మార్చాలి. డాష్‌బోర్డు మీద నీళ్ల గుర్తు వెలిగితే “తర్వాత చూద్దాం” అనకూడనిది ఇందుకే.

ఏ సిలిండర్?

లయతో కూడిన మిస్సింగ్ అని తేలాక, అది ఏ సిలిండరో పట్టుకోవాలి. ఇక్కడ పాత పద్ధతి, కొత్త పద్ధతి మధ్య ఒక ప్రమాదం ఉంది. దాన్ని కాస్త గట్టిగానే చెప్పాలి.

మెకానికల్ పంపు ఉన్న పాత ఇంజిన్లలో మెకానిక్కులు ఇంజిన్ తిరుగుతుండగానే ఒక్కో నాజిల్ పైపు నట్టును పానాతో కొద్దిగా వదులు చేసేవారు. శబ్దం మారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు, మారకపోతే దొంగ అదే. తరాలుగా నేర్చుకున్న మంచి పద్ధతి అది. కామన్ రైల్ ఇంజిన్‌లో మాత్రం ఆ పని ఎప్పుడూ చేయకూడదు. ఐడ్లింగ్‌లోనే రైల్‌లో సుమారు 250 నుంచి 350 బార్ ఒత్తిడి ఉంటుంది, లోడుతో లాగేటప్పుడు వెయ్యి బార్ దాటుతుంది. పోలిక కోసం చూస్తే టైర్లో ఉండేది మూడు నాలుగు బార్లే. వదులైన నట్టు సందులోంచి వచ్చే డీజిల్ ధార కంటికి కనబడనంత సన్నగా ఉండి సూదిలా చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న గాటు మాత్రమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తక్కువే. లోపల కండ చచ్చిపోతూ ఉంటుంది. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అలాంటిది జరిగితే పసుపు పెట్టి, గుడ్డ కట్టి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, డీజిల్ లోపలికి దూరిందని డాక్టరుకు ఆ మాటతోనే చెప్పాలి. లీకేజీ ఎక్కడుందో వేలితో తడిమి చూసే అలవాటు కూడా మానుకోవాలి. ఒక అట్టముక్క అడ్డంపెట్టి చూస్తే చాలు.

కామన్ రైల్‌లో ఈ పనికి స్కానర్ ఉంది, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు తగిలించి దాని లెక్కలు చదివే పరికరం. ఎర్రర్ కోడ్ చూసి తీసేయడం దానితో చేసే పనుల్లో చిన్నది. అసలు విలువ లైవ్ డేటాలో ఉంది. క్రాంక్ సెన్సర్ ద్వారా ఇంజిన్ కంప్యూటర్ ప్రతి మంటకూ ఫ్లైవీల్ ఎంత వేగం పుంజుకుందో చూస్తూ ఉంటుంది. ఒక సిలిండర్ బలహీనంగా ఉంటే దానికి డీజిల్ కాస్త పెంచి, బలంగా ఉన్నదానికి తగ్గించి, అన్నిటినీ సమం చేస్తుంది. ఆ పెంపు, తగ్గింపు అంకెలు సిలిండర్ వారీగా స్కానర్‌లో కనబడతాయి. నాలుగింటిలో మూడు సున్నా దగ్గర తచ్చాడుతూ ఒకటి మాత్రం బాగా ప్లస్‌లో ఉంటే, కంప్యూటర్ ఆ సిలిండర్‌కు ఎప్పటినుంచో బలం అందిస్తూ వస్తోందన్నమాట. చేతికి వణుకు తెలిసే రోజుకు ఆ సాయం హద్దుకు చేరిపోయి ఉంటుంది. బాగా మైనస్‌లో ఉన్న సిలిండర్‌నూ వదలకూడదు. దాని ఇంజెక్టర్ అవసరానికి మించి కారుస్తూ ఉండొచ్చు. కారే ఇంజెక్టర్‌ను వదిలేస్తే పిస్టన్ కరిగేదాకా పోవచ్చు.

చాలా స్కానర్లలో ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చూసే పరీక్ష కూడా ఉంటుంది. పాతకాలపు నట్టు వదులు చేసే పద్ధతిని ప్రమాదం లేకుండా చేసినట్టే. నడుస్తున్న ఇంజిన్ మీద ఇంజెక్టర్ కనెక్టర్ పీకి చూడటం మంచిది కాదు. ఆ వైర్లలో నడిచే వోల్టేజీ బ్యాటరీ 12 వోల్టుల కంటే చాలా ఎక్కువ.

ఇంజెక్టరా, కంప్రెషనా, మరొకటా?

మూడో సిలిండర్ అని తేలింది అనుకుందాం. చాలా షెడ్లలో విచారణ ఇక్కడే ఆగిపోయి, మూడో ఇంజెక్టర్ ఆర్డర్ అయిపోతుంది. నిజానికి అసలు ప్రశ్న ఇప్పుడే మొదలవుతుంది. కంప్యూటర్‌కు తెలిసింది ఆ సిలిండర్ బలహీనం అన్నదే. ఎందుకో దానికి తెలియదు.

ముందు కంటితో చూడాలి. ఇంజెక్టర్‌కు వెళ్లే వైరు మీద ఎలుక పళ్లగాట్లు ఉన్నాయా? కళ్లం దగ్గర, పత్తి మిల్లు దగ్గర, గోదాముల దగ్గర రాత్రిళ్లు నిలబెట్టే బండ్లలో ఇది తరచూ జరిగేదే. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉందా? ఇంజెక్టర్ మొదట్లో తారులాంటి నల్లటి మడ్డి పేరుకుందా? ఆ మడ్డి ఉండి, ఇంజిన్ తిరిగేటప్పుడు “చఫ్ చఫ్” మని గాలి తన్నే చప్పుడు వస్తుంటే, ఇంజెక్టర్ కింద రాగి వాషర్ దాటి మంట వాయువు పైకి వస్తోంది. కంప్రెషన్ అటు జారిపోతోంది, వణుకు ఇటు వస్తోంది. దీని మందు కొత్త ఇంజెక్టర్ కాదు. ఉన్నదాన్నే తీసి, సీటు శుభ్రం చేసి, కొత్త రాగి వాషర్ వేసి, కంపెనీ చెప్పిన టార్క్‌తో (బిగింపు బలంతో) బిగించడం. వాషర్ ధర చాలా తక్కువ. ఆలస్యం చేస్తే మాత్రం ఆ మడ్డి గట్టిపడి ఇంజెక్టర్ హెడ్‌కు అతుక్కుపోతుంది. తీసేటప్పుడు విరిగితే హెడ్ దించాల్సి వస్తుంది. పాత వాషర్‌నే కాల్చి మళ్లీ వేసే అలవాటు ఈ చోట పనికిరాదు.

తర్వాత కంప్రెషన్. గ్లో ప్లగ్ రంధ్రంలోనో ఇంజెక్టర్ రంధ్రంలోనో గేజ్ పెట్టి చూస్తారు. ఇంజిన్‌ను బట్టి అంకె మారుతుంది, ఆరోగ్యంగా ఉన్న డీజిల్‌లో మామూలుగా 25 బార్ పైనే ఉంటుంది. అసలు చూడాల్సింది మాత్రం సిలిండర్ల మధ్య తేడా. మూడు 28 చూపిస్తూ ఒకటి 19 చూపిస్తే, ఆ ఒకదానికి ఎంత ఖరీదైన ఇంజెక్టర్ వేసినా ఐడ్లింగ్ నిలబడదు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్కు లేదు. గాలి నొక్కుకుపోయి పుట్టిన వేడికే డీజిల్ అంటుకోవాలి. కంప్రెషన్ తగ్గితే వేడి తగ్గుతుంది, ఐడ్లింగ్‌లో వెళ్లే ఆ ఆరేడు మిల్లీగ్రాములు సరిగా మండవు. గేజ్ పెట్టేంత సమయం లేకపోతే ఇంకో దారి ఉంది. ఇంజిన్ స్టార్ట్ కాకుండా చేసి, సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ కేబుల్‌లో పోయే కరెంటును క్లాంప్ మీటర్‌తో, హెచ్చుతగ్గులను తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోప్‌తో చూస్తారు. ప్రతి సిలిండర్ నొక్కుకునేటప్పుడు స్టార్టర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ ఎత్తుల్లో ఒకటి పొట్టిగా ఉంటే ఆ సిలిండర్ కంప్రెషన్ తక్కువ. ఒక్క బోల్టు విప్పకుండా తేలిపోతుంది.

కంప్రెషన్ బాగుంది, వైర్లు బాగున్నాయి, వాషర్ బాగుంది. ఇంజెక్టర్ మీద అనుమానం పెట్టుకోవాల్సిన సమయం ఇప్పుడొచ్చింది. దానికీ ఒక తేలిక పరీక్ష ఉంది. ప్రతి ఇంజెక్టర్ నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ పైపులు తీసి, ఒక్కోదాన్ని గీతలున్న ఒక్కో సీసాలోకి పెట్టి, ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లో తిప్పుతారు. నాలుగు సీసాలూ దాదాపు సమంగా నిండాలి. ఒకటి మిగతావాటికి రెట్టింపు నిండిందంటే, ఆ ఇంజెక్టర్ లోపల వాల్వు అరిగి డీజిల్ వెనక్కి జారిపోతోంది. ఆ ఇంజెక్టర్‌ను మాత్రం తీసి పంపు లేబ్‌కు పంపాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల టెస్ట్ బెంచీ మీద పెట్టి ఐడ్లింగ్, సగం లోడ్, ఫుల్ లోడ్ దగ్గర విడివిడిగా ఎంత చిమ్ముతోందో కొలిచే లేబ్‌లు ఉంటాయి. ఆ రిపోర్టు కాగితం మీద అడిగి తీసుకోవడం బండి యజమాని హక్కు. “చూశాం, పోయింది” అనే మాట సరిపోదు.

కొత్తదైనా, బాగుచేయించినదైనా, ఇంజెక్టర్ మార్చాక చేయాల్సిన పని ఒకటుంది. తయారీలో వచ్చే సూక్ష్మమైన తేడాలను సరిచేయడానికి చాలా ఇంజెక్టర్ల మీద అక్షరాలు, అంకెలతో ఒక కోడ్ చెక్కి ఉంటుంది. దాన్ని స్కానర్‌తో ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదు చేయాలి. చేయకపోతే కంప్యూటర్ పాత ఇంజెక్టర్ లెక్కలతోనే కొత్తదాన్ని నడుపుతుంది. “కొత్త ఇంజెక్టర్ వేసినా అలాగే వణుకుతోంది” అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఇదే. ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌లోకి మార్చి చూసినా కోడ్ కూడా దానితోపాటు మారాలి.

ఈజీఆర్, డీపీఎఫ్, ఇతర సంగతులు

పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే, ఐడ్లింగ్‌లో కావలసిన స్వచ్ఛమైన గాలి దొరక్క ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. నల్లపొగ, గతుకులు, ఒక్కోసారి సిగ్నల్ దగ్గర ఆగిపోవడం కూడా జరుగుతుంది. వాల్వును తీసి శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. రేకు ముక్క పెట్టి మూసేసే చిట్కా చెప్పేవాళ్లు ఉంటారు. దాంతో కాలుష్యం పెరుగుతుంది, బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండిలో కంప్యూటర్ కనిపెట్టి బండి బలాన్నే తగ్గించేయవచ్చు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాక మరో గందరగోళం మొదలైంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండి అందులో పేరుకున్న మసిని అప్పుడప్పుడూ కాల్చుకుంటుంది. ఆ సమయంలో ఐడ్లింగ్ కాస్త పెరుగుతుంది, శబ్దం మారుతుంది, సైలెన్సర్ వైపు వేడి వాసన వస్తుంది. ఇది జబ్బు కాదు. భయపడి ప్రతిసారీ మధ్యలో ఇంజిన్ ఆపేస్తే అప్పుడు జబ్బవుతుంది. కాలకుండా మిగిలిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకుండా పెరుగుతోందంటే అదే గుర్తు.

టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపేది) తర్వాత గొట్టానికి పగులుంటే లోడులో బండి లాగుడు పడిపోతుంది, నల్లపొగ వస్తుంది, కానీ ఐడ్లింగ్ మీద దాని ప్రభావం తక్కువ. పెట్రోల్, సీఎన్‌జీ పికప్‌లలో మాత్రం కథ తిరగబడుతుంది. అక్కడ ఐడ్లింగ్‌లో థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) దాదాపు మూసుకుని, మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) గట్టి పీల్పు ఉంటుంది. చిన్న గొట్టం చీలినా లెక్కలో లేని గాలి లోపలికి వచ్చి మిశ్రమం పాడవుతుంది. కాబట్టి వాటిలో మొదట చూడాల్సినవి వ్యాక్యూమ్ గొట్టాలు, థ్రాటిల్ బాడీలో మసి, స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్. సీఎన్‌జీని అంటించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. పెట్రోల్ మీద నున్నగా ఉండి సీఎన్‌జీకి మార్చగానే మిస్ కొడితే, గ్యాస్ కిట్‌ను తిట్టుకునే ముందు ప్లగ్గులూ కాయిలూ మార్చి చూడాలి.

పని అయ్యాక

వణుకు ఆగగానే బండి ఇచ్చేయడం షెడ్డుల్లో మామూలు. చల్లారిన ఇంజిన్‌తో మర్నాడు పొద్దున ఒకసారి, పది పదిహేను కిలోమీటర్లు తిప్పి వేడెక్కాక ఒకసారి, ఏసీ ఉంటే వేసి ఒకసారి ఐడ్లింగ్ చూడాలి. స్కానర్‌లో సిలిండర్ల పెంపు, తగ్గింపు అంకెలు మళ్లీ చూస్తే మరమ్మతు నిజంగా పనిచేసిందో లేదో అక్కడే తెలుస్తుంది. చేతికి వణుకు తగ్గినా ఒక సిలిండర్ ఇంకా ప్లస్‌లోనే వేలాడుతుంటే పని సగమే అయినట్టు.

ఆ అంకెలను, రైల్ ప్రెషర్‌ను, కిలోమీటర్ల రీడింగ్‌ను ఒక చీటీ మీద రాసి ఆర్‌సీ కాగితాలతోపాటు డాష్‌బోర్డు అరలో పెట్టుకోవాలి, లేదంటే స్కానర్ తెరను ఫోన్లో ఫోటో తీసుకోవాలి. ఏడాది తర్వాత బండి మళ్లీ వణికితే, ఊరు మారినా, షెడ్డు మారినా, బాగున్న రోజున ఆ ఇంజిన్ ఎలా ఉండేదో కొత్త మెకానిక్‌కు చూపించడానికి అంతకంటే ఉపయోగపడేది వేరే ఉండదు.